ఎర్రక్క టాపుకు నాలుగు వేళ్ల బట్ట

అమీర్‌పేట,
జూన్, రెండో ఆదివారం

మంజూ,

ఫోన్ కట్ చేసినంత తేలిగ్గా ఉత్తరాన్ని కట్ చేయలేవు కాబట్టి నిమ్మళంగా కూర్చుని చదువు. ఈ ఉపాయం మీ అన్నది. నిన్న నువ్వు రెండోసారి నా మొహాన ఫోన్ పెట్టేశాక ఆయన చేతులు జోడించి, "ఇగో, కారు ముచ్చట ఇగ ఫోన్ల బంద్. మీ వదినామరదండ్లు కాయితం మీద కొట్లాడుకోండ్రి. నడుమ నా చెవులు నొస్తున్నయ్" అన్నాడు. మీ అమ్మ కూడా కొడుక్కే వత్తాసు. "రాసేటప్పుడు సగం కోపం చేతులకెళ్లే పోతది, రాయి బిడ్డా" అంది అత్తమ్మ. సరే, రాస్తున్నా. మిగతా ముచ్చట్లు ఫోన్‌లో, కారు ముచ్చట కాగితం మీద.

నువ్వు విననివ్వని మాట ఇది. మన ఎర్రక్కను, ఆ రెండు సీట్ల పాత కారును, ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేసి, అదే కంపెనీ కొత్త మోడల్ తీసుకుందామనుకుంటున్నాను.

ఆగు, చింపకు. నేను దాన్ని నడిపి వచ్చాను మంజూ! పంజాగుట్ట షోరూమ్‌లో అనుదీప్ అని ఒకాయన, నన్ను చూసి "మేడమ్, సార్ ఎప్పుడు వస్తారు?" అని అడిగాడు. "సార్ ఎందుకు? నడిపేది నేను" అన్నా. పాపం, ఫ్లైఓవర్ ఎక్కేసరికి సీటుబెల్టును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఏం కారు అది! తాళంచెవి తిప్పేది లేదు, బటనే. టాపు ఇనుపది, మీట నొక్కితే దానంతట అదే ముడుచుకుని డిక్కీలో పోయి పడుకుంటుంది. నేనూ మీ అన్నా వానలో తిట్టుకుంటూ గుడ్డ టాపు లాగే పని లేదు. గేర్లు వాటంతటవే మారతాయి. ఎడమకాలికి పనే లేదు! చెప్పు విడిచి, కాలు ముడుచుకుని, సినిమా హాల్లో కూర్చున్నట్టు కూర్చుని నడిపాను. 

వెనక రెండు సీట్లు కూడా ఉన్నాయి. అత్తమ్మ పడుతుంది, మీ అన్న పడతాడు. మనం ఎర్రక్కలో జుట్టు ఎగరేసుకుంటూ పోతుంటే ఆయన పదకొండేళ్లుగా బస్సు ఎక్కి మన వెనక వస్తున్నాడు.

ఆషాఢంలో ఎవరూ కొత్త బండి కొనరు కదా, అందుకే ఆషాఢం మేళా పెట్టారు. అమావాస్య లోపల పాత బండి అప్పజెప్పాలి, కొత్తది శ్రావణంలో మంచిరోజు చూసి ఇంటికి తెచ్చుకోవాలి. ఆర్‌సీ నా పేరు మీదే ఉన్నా, నువ్వు ఊఁ అనకుండా నేను దాన్ని కదపను. ఊఁ అను.

మీ వదిన,
వసుమతి


షోలాపూర్,
జూన్, మూడో వారం

వదినా,

చింపలేదు. ఉండ చుట్టి మూలకు విసిరాను. మళ్లీ తెచ్చుకుని, సాపు చేసి చదివాను. చదివి మళ్లీ విసిరాను.

ఊఁ అనను. కావాలంటే ఉహూఁ అని వంద సార్లు రాసి పంపుతాను.

నీకు జ్ఞాపకం లేదేమో, నాకు ఉంది. ఆ డాక్టరమ్మ జాకెట్ల కొలతలు ఇవ్వడానికి వచ్చి "కారు అమ్మేస్తున్నాం వసుమతీ" అన్నప్పుడు, నువ్వు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నావు. అవి మింగేస్తావేమోనని నేను భయపడ్డాను. ఆ రాత్రే ఇద్దరం చిట్టీలు ఎత్తుకుందామని తీర్మానించుకున్నాం. చిన్నప్పుడు సిరిసిల్లలో సైకిల్ కూడా ఎక్కనివ్వలేదని ఏడ్చిన మనిషికి, సనత్‌నగర్ ఖాళీ రోడ్ల మీద ఆదివారాలు కారు నేర్పింది ఎవరు? "క్లచ్ మెల్లగ వదులు వదినా, మెల్లగ వదులు" అని అరిచి అరిచి నా గొంతు పోతే, మిరియాల పాలు కాచి ఇచ్చి మళ్లీ కారెక్కించింది ఎవరు?

టాపు లోపల నువ్వు కుట్టిన అస్తరు సంగతి ఏంటి? నీ షాపులో కుట్టిన పెళ్లి జాకెట్లన్నిటి మిగులు ముక్కలు అందులో ఉన్నాయి. సిగ్నల్ పడ్డప్పుడల్లా తలెత్తి, "ఇది చంద్రిక పెళ్లిది, ఇది వనిత శ్రీమంతానిది" అని ఆడుకునేవాళ్లం. పచ్చలైటు పడినా చూసుకోక వెనకవాళ్లతో తిట్లు తినేవాళ్లం. నీ ఇనుప టాపు కింద తలెత్తితే ఏం కనిపిస్తుంది, నా మొహం!

వెనక సీట్లు ఉన్నాయని మురిసిపోతున్నావు. నాకు అవే నచ్చలేదు. రెండు సీట్ల కారులో రెండోది నాది. టవళ్లు, చద్దర్ల మిల్లులో డిజైన్లు గీసుకుంటూ ఈ ఊళ్లో ఒక్కదాన్నే రెండేళ్లుగా ఉన్నా, అమీర్‌పేటలో నా సీటు ఒకటి ఉందని నాకు ధైర్యం. నాలుగు సీట్ల కారులో నాది ఏదో నాకు తెలియదు వదినా. ఇది చదివి నవ్వితే ఊరుకోను.

కొత్త కారు బాగుందని రాశావు. కొత్తది ఎప్పుడైనా బాగానే ఉంటుంది, అది కారణం కాదు. అసలు కారణం రాయి.

మంజుశ్రీ


అమీర్‌పేట,
జులై మొదటి వారం, ఆషాఢం

మంజూ తల్లీ,

నవ్వలేదు. సీటు ముచ్చట దగ్గర కాసేపు ఆగి, కళ్లు తుడుచుకుని, తర్వాత చదివాను. నాలుగు కాదు, నలభై సీట్ల బస్సు కొన్నా ముందు సీటు నీదే. ఈ మాట కాగితం మీద రాసి ఇస్తున్నా, దాచుకో.

కారణాలు అడిగావు. ఒకటా రెండా? మన సందులో కోచింగ్ సెంటర్ల పిల్లల బైకులు ఎక్కువైపోయి ఎర్రక్కను నిలిపే జాగా లేదు. హాస్టల్ పిల్లలు దాని మీద చెయ్యి వేసి ఫోటోలు దిగుతారు, ఒకడైతే బానెట్ మీద కూర్చున్నాడు. అత్తమ్మ బయటికి వచ్చి, "లే బిడ్డా, అది అరుగు కాదు" అని లేపింది. ఏదైనా పార్టు కావాలంటే ఎక్కడి నుంచో తెప్పించాలి. టాపు కుట్లు ఊడిపోయాయి, రెండు చోట్ల చిరిగింది. నాకు షాపులో పని పెరిగింది. తొక్కుడు మిషన్లన్నిటికీ మోటార్లు పెట్టించాను, ఇప్పుడు హాయిగా ఉంది. అన్నీ మార్చుకుంటున్నప్పుడు కారు మాత్రం ఎందుకు పాతది? ఇవి చాలవా?

అత్తమ్మను మొన్న షోరూమ్‌కు తీసుకుపోయాను. ఆ కొత్త కారు సీటులోంచి చల్లగాలి వస్తుంది. అత్తమ్మ కూర్చుని కదల్లేదు. "బిడ్డా, కింది నుంచి ఏసీ వస్తుంది! ఇది పట్నం పుణ్యమా, మన పుణ్యమా?" అని అనుదీప్‌ను అడిగింది. అతను తెల్లమొహం వేశాడు. అప్పటి నుంచి ఇంటికొచ్చినవాళ్లందరికీ అదే ముచ్చట. మీ అమ్మ ఓటు నాకే పడింది, చూసుకో.

ఒక్క సాయం చేయి. చిరిగిన టాపుతో దాన్ని అప్పజెప్పలేను. ముప్పై ఏళ్లుగా కుడుతున్న టైలర్ ఇంటి నుంచి చిరుగు బట్ట బయటికి పోతే అమీర్‌పేటలో నా పరువేం కావాలి? బట్ట ఇచ్చేటప్పుడు కుట్టు సరిచేసి, ఇస్త్రీ చేసి ఇస్తాం. కారైనా అంతే. మీ ఊళ్లో మంచి డేరా గుడ్డ దొరుకుతుంది కదా, గట్టిది, నల్లది చూసి పంపు. కొత్త టాపు కుట్టి, ఎర్రక్కను పెళ్లికూతురిలా తయారుచేసి పంపిస్తాను.

ఊఁ అను మంజూ. నీ కాళ్లు పట్టుకోమంటావా?

వదిన


షోలాపూర్,
జులై రెండో వారం

వదినా,

డేరా గుడ్డ పార్సిల్‌లో పంపాను. కొత్త కాటన్ గుడ్డ, ఒక్క చుక్క నీళ్లు కూడా పడలేదు. నీకు చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్తున్నా. తడిపి ఆరబెట్టి కత్తిరించు.

గుడ్డ మడతల్లో ఒక చిన్న ముక్క ఉంటుంది, పారేయకు. నా మొదటి డిజైన్ చద్దరు మగ్గం దిగింది. దాని అంచు ముక్క అది. నీలం మీద పసుపు గళ్లు. అస్తరులో కుట్టమని అడుగుదామనుకున్నాను. ఇక అస్తరే ఉండదు కదా, పర్సులో పెట్టుకో.

ఊఁ.

మంజు


అమీర్‌పేట,
ఆషాఢ అమావాస్య మర్నాడు

మంజూ! మంజూ! మంజూ!

ముందు నీళ్లు తాగు. తర్వాత చదువు. నిన్న జరిగింది సగం ఊరు తమ ఫోన్లలో చూసే ఉంటుంది, నువ్వు మాత్రం నా నోటితో వినాలి.

టాపు కుట్టాను. ఎంత బాగా వచ్చిందంటే షాపులో పనిచేసే సుకన్య మిషన్ ఆపి చప్పట్లు కొట్టింది. పాత అస్తరును కుట్లు విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి, కొత్త టాపు లోపల అతికించాను. కొక్కేలు బిగిస్తే డప్పులా మోగింది. మొన్న రాత్రి మురిసిపోతూ సందులో నిలిపి పడుకున్నాను. రాత్రంతా ఒకటే వాన. పొద్దున్నే ఎండ ఫెళ్లున కాసింది. ఆకాశం మంచిగా ఉందని టాపు మడిచి, అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఎర్రక్కకు నుదుట పసుపు కుంకుమ పెట్టి, పంజాగుట్ట బయలుదేరాను.

అనుదీప్ చుట్టూ తిరిగి చూశాడు, ఫోటోలు తీశాడు, అంతా బాగుంది. "మేడమ్, ఒకసారి టాపు క్లోజ్ చేద్దాం" అన్నాడు. లాగాడు. రాలేదు. ఇంకొకాయన వచ్చాడు. ఇద్దరూ లాగారు. ముందు అద్దం మీది కొక్కేలకు, టాపు అంచుకు మధ్య నాలుగు వేళ్ల ఎడం! ముడుచుకుపోయింది మంజూ, వానకు తడిసి ఎండకు ఆరి, చిన్నపిల్లల గౌనులా పైకి పోయింది. మేనేజర్ కూడా వచ్చి కోటు విప్పి లాగాడు. అత్తమ్మ సీటులోంచి దిగకుండానే, "జర మెల్లగ, బిడ్డా! కుట్టు పిగిలితే మా కోడలు ఊకోదు" అని వాళ్లను అదిలించింది.

నేను గుడ్డ తడపలేదు. తొందరలో మరిచిపోయాను.

సరిగ్గా అప్పుడే ఆకాశం నల్లబడింది. టాపు పడని కారు తీసుకోవడానికి రూల్స్ ఒప్పుకోవన్నారు. అనుదీప్ మంచివాడు, లోపలికి పోయి బతిమాలి శ్రావణంలో మొదటి శుక్రవారం దాకా గడువు ఇప్పించాడు. టాపు సరిచేసి తెస్తే అదే ధర. సరే అని వెనక్కి తిప్పాను. సగం దారిలో వాన! టాపు లేదు, అత్తమ్మ దగ్గర ఒక గొడుగు ఉంది. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో లైను కిందనే, స్తంభాల పక్కన, మెల్లగా నడిపాను. పైన రైలు, కింద ఎర్రక్క, నడుమ మీ అమ్మ గొడుగు! గాలికి గొడుగు తిరగబడింది. ఆమె దాన్ని తలవారు కత్తిలా పట్టుకుని కూర్చుంది. బస్సులో వాళ్లు కిటికీల్లోంచి ఈలలు వేశారు. ఒక బైకాయన పక్కకు వచ్చి, "అమ్మమ్మా, సూపర్!" అంటే, మీ అమ్మ చెయ్యి ఊపింది. నవ్వి నవ్వి నా కడుపు నొచ్చింది. ఇంటికి వచ్చి మీ అన్నను చూసి ఇద్దరం మళ్లీ మొదలుపెట్టాం. ఆయన టవల్ పట్టుకుని, "ఇద్దరికీ పిచ్చి లేసిందా?" అన్నాడు.

ఇప్పుడు ఏం చేయాలి చెప్పు. గుడ్డ మిగలలేదు, మళ్లీ పంపితే మళ్లీ కుట్టాలి. శుక్రవారం లోపల అయ్యేలా లేదు.

తడిసిన మీ వదిన


షోలాపూర్,
శ్రావణం, నీ ఉత్తరం అందిన గంటకే

వదినా,

దొరికిపోయావు!

నీ ఉత్తరం మూడుసార్లు చదివి మంచం మీద ఎగిరి గంతేశాను. కింద ఉన్న ఇంటి ఓనరు కర్రతో సీలింగ్ కొట్టింది. కొట్టనీ.

నువ్వు తొందరలో మరిచిపోయావా? బ్లౌజు ముక్క కూడా తడపకుండా కత్తెర పట్టని మనిషివి. లైనింగ్ తడపలేదని సుకన్యను రోజంతా మాట్లాడకుండా శిక్షించిన మనిషివి. నేను ఉత్తరంలో రాసి మరీ చెప్పాను. అయినా మరిచావు! సరే, మరిచావే అనుకుందాం. ఇచ్చేసే కారుకు ఎవరైనా అస్తరు విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి మళ్లీ లోపల కుడతారా? చంద్రిక పెళ్లి ముక్క, వనిత శ్రీమంతం ముక్క షోరూమ్‌ వాళ్లకు ఎందుకు? అన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. నాలుగు వేళ్లు తగ్గిందని రాశావు. నువ్వు కుట్టిన బట్ట ఏదైనా లోపల మార్జిన్ వదలకుండా ఉంటుందా? "మనిషి ఒళ్లు చేస్తుంది, బట్ట ముడుచుకుంటుంది, లోపల జర ఎక్కువ ఉండాలె" అని నాకు కుట్టు నేర్పిన రోజు చెప్పావు. ఆ టాపు అంచు తిప్పి చూడు, నాలుగు వేళ్ల గుడ్డ మడిచి ఉంటుంది. విప్పి మళ్లీ కుట్టడానికి నీకు గంట పని. ఆ గంట పని చేయకుండా, గుడ్డ లేదని నాకు కథలు రాస్తావా?

నీకు ఎర్రక్కను ఇవ్వబుద్ధి కావడం లేదు. నీ చేతులకు ముందే తెలుసు, నీకే తెలియలేదు.

మరి ఎందుకు ఇస్తానంటున్నావు? దీనికీ జవాబు దొరికింది. మొన్న రాత్రి అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే (కారు ముచ్చట కాదులే, రూలు తప్పలేదు) మోకాలికి నువ్వుల నూనె కాస్తున్నానంది. "ఎవరి మోకాలికమ్మా?" అంటే, "నాది కాదు, నాది మంచిగనే ఉన్నది" అని నాలుక కరుచుకుంది. అప్పుడు నీ పాత ఉత్తరాలు తీశాను. ఎడమకాలికి పనే లేదని ఎందుకు అంత సంబరపడ్డావో, తొక్కుడు మిషన్లకు ఉన్నట్టుండి మోటార్లు ఎందుకు పెట్టించావో అర్థమైంది. నాకు ఎందుకు చెప్పలేదు వదినా? కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆ తర్వాత ఉపాయం వచ్చింది.

మా డిజైన్ సెక్షన్‌లో అనుపమ ఉంది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు పనిచేయదు. ఆమెది మామూలు గేర్ల కారే. గేర్ రాడ్ మీద ఒక బటన్ పెట్టించుకుంది. బటన్ నొక్కితే క్లచ్ దానంతట అదే పడుతుంది, వదిలితే లేస్తుంది. కాలు అక్కర్లేదు! నిన్న ఆమెతో ఊరంతా తిరిగొచ్చాను. పాత బండ్లకు కూడా పెడతారట, హైదరాబాద్‌లో పెట్టేవాళ్లున్నారట. పెట్టాక ఆర్టీఏలో చూపించి ఆర్‌సీలో రాయించుకోవాలి, అంతే.

జాకెట్ బిగుతైందని వచ్చినవాళ్లను కొత్తది కొనుక్కోమని ఎప్పుడైనా పంపావా? విప్పి వదులు చేసి ఇస్తావు. ఎర్రక్కకు మాత్రం ఆల్టరేషన్ ఎందుకు లేదు?

శుక్రవారం లోపల జవాబు రావాలి. స్పీడ్ పోస్టులో పంపు.

నీ సీఐడీ మరదలు


అమీర్‌పేట,
శ్రావణం, మొదటి శుక్రవారానికి ముందురోజు

మంజూ,

అవును. అంచు తిప్పి చూశాను. నాలుగు వేళ్లు.

నువ్వు రాసింది చదివి షాపులోనే కూర్చుండిపోయాను. సుకన్య మంచినీళ్లు తెచ్చింది. నేను దొంగతనంగా చేయలేదు మంజూ, నిజంగానే మరిచాననుకున్నాను. కానీ కత్తెర పట్టే ముందు ఆ గుడ్డ మీద చెయ్యి వేసి, తడపాలి అని ఒక్కసారి అనిపించి, ఊరుకోవడం గుర్తుంది. అది మరవడం కాదు. ఏమంటారో నాకు తెలియదు.

మోకాలి నొప్పి సంక్రాంతి తర్వాత మొదలైంది. మిషన్ తొక్కీ తొక్కీ అరిగిందన్నాడు డాక్టరు. ఫికర్ లేదు, నడుస్తాను, మెట్లెక్కుతాను. కానీ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఒక సాయంత్రం క్లచ్ మీద కాలు నొక్కితే నొప్పి లేచి కాలు జారింది. బండి ఎగిరి ఆగిపోయింది. వెనక అందరూ హారన్లు. నాకు భయం వేసింది, బండికి కాదు. "వసుమతి ముసలిదైంది, ఇక కారు నడపొద్దు" అని ఇంట్లో ఎవరు ముందు అంటారోనని. నీకు చెబితే నువ్వే అంటావేమోనని. నలభై దాటాక దొరికింది మంజూ నాకు స్టీరింగ్. అది చేతిలోంచి పోవడం నేను తట్టుకోలేను. ఎర్రక్క పోయినా నడపడం మిగులుతుంది కదా అని కొత్త కారు మీద మనసు పెట్టుకున్నాను. రెండూ మిగులుతాయని నాకు తట్టలేదు. రోజూ ఆల్టరేషన్లు చేసే నాకు తట్టలేదు చూడు!

నిన్న మీ అన్నకు అంతా చెప్పాను. ఆయన వెంటనే లేచాడు. షర్ట్ వేసుకుని, యూసుఫ్‌గూడలో ఐలయ్య అని దివ్యాంగుల బండ్లకు ఆ బటన్లు పెట్టే ఆయన షెడ్డు ఉంటే, వెతికి పట్టుకుని వచ్చాడు. వచ్చాక, "గిదొక్క ముచ్చట చెప్పనీకె రెండు నెలలు ఉత్తరాలు రాసుకున్నరా మీరు?" అని మాత్రం అన్నాడు. రాసుకోమన్నది ఎవరట!

అనుదీప్‌కు ఫోన్ చేసి రాలేనని చెప్పాను. పాపం చిన్నబుచ్చుకున్నాడు. పెళ్లి కుదిరితే వాళ్లావిడ జాకెట్లన్నీ ఒక్క పైసా తీసుకోకుండా కుడతానన్నా. అత్తమ్మ మాత్రం ఆ చల్లగాలి సీటు పోయిందని పొద్దున్నుంచి గుమ్మంలో మూతి ముడుచుకుని కూర్చుంది. ఆమెను ఎట్లా మంచి చేసుకోవాలో నువ్వే చెప్పు.

వదిన


షోలాపూర్,
ఆగస్టు

వదినా,

నువ్వు ముసలిదానివైతే నేనేమవుతాను? నీ చేతిలోంచి స్టీరింగ్ లాక్కునేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు నా పేరు చెప్పు, వాళ్లనే భయపడమను.

అమ్మకు ఒకటే మందు. ముందు సీటు. నాదే, ఆమెకు అప్పిచ్చాను. కొద్దిరోజులకే, గుర్తుపెట్టుకోమను.

బటన్ పెట్టారా? ఆర్టీఏ వాళ్లు చూశారా? టాపు పడుతోందా? ఎందుకు రాయడం లేదు? ఫోన్‌లో అడుగుదామంటే రూలు. అన్నను అడిగితే, "కాయితం మీద అడుగు" అని నవ్వుతున్నాడు. నీ ఉత్తరం రాక ఇది మూడో వారం. పోస్ట్‌మ్యాన్‌ను చూస్తే ఎదురు పరిగెడుతున్నా, ఆయన నన్ను చూసి దారి మార్చుకుంటున్నాడు.

రాయి!

మంజు


జహీరాబాద్,
హైవే పక్క చాయ్ హోటల్, భాద్రపదం

మంజూ,

ఈ ఉత్తరానికి స్టాంపు ఉండదు. నేనే తెస్తున్నాను.

ఐలయ్య బటన్ పెట్టాడు, నేను టాపు అంచు విప్పి ఆ నాలుగు వేళ్లూ వదిలి కుట్టాను, ఖైరతాబాద్‌లో ఆర్టీఏ పని మొన్ననే అయ్యింది. వినాయకుణ్ణి చూసే జనంలో నడుపుకుంటూ పోయాను. ఎన్నిసార్లు ఆగానో, ఎన్నిసార్లు కదిలానో! కాలు ఒక్కసారి కూడా నొయ్యలేదు. అధికారి చుట్టూ తిరిగి చూసి, "నడపండమ్మా" అన్నాడు. నడిపాను. ఆయన సంతకం పెట్టాడు. బయటికి వచ్చి కారులో కూర్చుని గట్టిగా అరిచాను. పక్క ఆటోవాడు ఉలిక్కిపడ్డాడు.

పొద్దున్నే బయలుదేరాం, నేనూ అత్తమ్మా. టాపు తీసి, మొహాలకు గాలి తగిలించుకుంటూ. మీ అన్న నా వెనక రైల్లో వస్తున్నాడు, సాయంత్రానికి దిగుతాడు. వెనక్కి పోయేటప్పుడు అత్తమ్మను ఆయనే రైల్లో తీసుకుపోతాడు. ఏసీ బోగీ టికెట్ చూపిస్తే అత్తమ్మ ఒప్పుకుంది. "సీటు మంజుదేనాయె, ఇచ్చేస్త" అంటోంది. ఇప్పుడు ఎదురుగా మిర్చి బజ్జీలు తింటూ, హోటల్ ఆయనకు కారు టాపు ఎట్లా ముడుచుకుపోయిందో చెప్తోంది. గొడుగు ముచ్చట దగ్గరికి వచ్చింది, లేచి నిలబడి చూపిస్తోంది.

రేపటి నుంచి నీకు మూడు రోజులు సెలవని మీ అన్న దొంగతనంగా కనుక్కున్నాడు. నువ్వు నాతోపాటు అమీర్‌పేట వస్తున్నావు. నీ ఇంటి దగ్గర హారన్ కొట్టి, నువ్వు బయటికి రాగానే నిన్ను నీ సీట్లో కూర్చోబెట్టి, టాపు వేసి, ఈ కాగితం నీ చేతిలో పెడతాను. అంటే నువ్వు ఇప్పుడు ఎర్రక్కలోనే ఉన్నావు. తలెత్తి చూడు. నీ తల మీద కాదు, నా వైపు చూడు. నీలం మీద పసుపు గళ్లు. నీ చద్దరు ముక్కను నా సీటు పైన కుట్టుకున్నాను. నువ్వు పక్కన లేని రోజు సిగ్నల్ పడితే చూసుకోవడానికి.

చూశావు కదా, ఇక కళ్లు తుడుచుకుని దిగు. ఇటువైపు వచ్చి స్టీరింగ్ ముందు కూర్చో. ఈ బటన్ నీకు రాదు, ఈసారి నేర్పేది నేను. ఎడమకాలు ముడుచుకో. మెల్లగ వదులు మంజూ, మెల్లగ వదులు.

వదిన